చెయ్యి నెమ్మది, తీర్పు తొందర: ఒక కిరాణా కొట్టు కేసు

"పిలిస్తే పలకడు మేడంగారూ. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటాడు. సరుకు తియ్యమంటే అరగంట. గొడవ పెట్టుకోడానికి మాత్రం అర నిమిషం అక్కర్లేదు."

తండ్రి ఈ మాట అంటున్నప్పుడు కొడుకు పక్క కుర్చీలోనే ఉన్నాడు. 31 ఏళ్లు. నేను అతని వైపు తిరిగి "మీరేమంటారు?" అని అడిగాను. జవాబు రాకముందే తండ్రి "అడుగుతున్నారు కదరా, చెప్పు" అన్నారు. ఇంకో క్షణం ఆగి తల్లి "చెప్పు నాన్నా, కొట్లో ఏమవుతోందో చెప్పు" అన్నారు. అతను నోరు తెరవబోయి మళ్లీ మూసుకున్నాడు. ఈ కేసుకి కావలసిన సగం సమాచారం ఆ పది సెకన్లలోనే ఉంది. నేను దాన్ని గుర్తించేసరికి మూడు సిట్టింగులు అయిపోయాయి.

అతనూ తల్లిదండ్రులూ కాగితం మీద ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఊరు చెప్పను. వయసు, కుటుంబం లాంటి వివరాలు ఎవరూ పోల్చుకోలేనంతగా మార్చాను. నేను క్లినికల్ సైకాలజిస్టుని. మందులు రాసేది మా దగ్గర గురువారాలు కూర్చునే సైకియాట్రిస్టు గారు.

కథ క్లుప్తంగా ఇదీ. బీకాం రెండో ఏడాదిలో, 20 ఏళ్లప్పుడు, హాస్టల్లో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని అనుమానం మొదలైంది. తర్వాత మాటలు వినిపించడం. మొదట తాయెత్తులు, ఒక దర్గా, ఒక గుడి. ఎనిమిది నెలలు అలా గడిచాక ఆసుపత్రి. స్కిజోఫ్రెనియా అన్నారు. 24వ ఏట, తగ్గిపోయింది కదా అని మాత్రలు మానేస్తే జబ్బు తిరగబెట్టింది. అప్పట్నుంచి ఒక్క రోజు కూడా మానలేదు. ఇలాంటి తల్లులు మందుల పెట్టె విషయంలో ఎంత కచ్చితంగా ఉంటారో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. నాలుగేళ్లుగా మాటలు వినిపించడం లేదు. అనుమానాలు ఎప్పుడైనా తొంగిచూస్తాయి, అంతే. డాక్టరు గారి లెక్కలో ఇది బాగా కుదిరిన కేసు. తండ్రి లెక్కలో కొడుకు పనికిరాకుండా పోయాడు.

నా దగ్గరికి పంపడానికి కారణం ఒక ఐదు వందల నోటు. పదేళ్లుగా ఖాతా ఉన్న ఒకాయన సరుకు తీసుకుని నోటు ఇచ్చి, రోడ్డు మీద ఎవరో పిలిస్తే అటు తిరిగాడు. అటు తిరిగాడంటే దొంగనోటే అని మనవాడు తేల్చేశాడు. కేక వేశాడు. బజారంతా పోగైంది. నోటు మంచిదే.

ఒకే మనిషి కందిపప్పు తూయడానికి అంతసేపు తీసుకుంటాడు, మనిషిని దొంగ అనడానికి అసలు టైమే తీసుకోడు. "కావాలని చేస్తున్నాడు" అని తండ్రి అనడానికి ఈ తేడానే కారణం. నిజంగా నెమ్మదైన మనిషైతే అన్నింట్లోనూ నెమ్మదిగా ఉండాలి కదా అని ఆయన తర్కం. ఆ తర్కం నాకూ కొంచెం సరిగ్గానే అనిపించింది, దాచడం దేనికి.

ముందు నేను చేసిన పొరపాటు

మొదటి సిట్టింగులోనే నెమ్మదితనం స్పష్టంగా కనిపించింది కాబట్టి వేగం పెంచే అభ్యాసం ఇద్దామనుకున్నాను. ఫోన్లో ఒక ఆట, తెర మీద బొమ్మ కనిపించగానే నొక్కాలి. రోజూ 20 నిమిషాలు. అతను బుద్ధిగా ఆడాడు. ఆరు వారాల్లో స్కోరు బ్రహ్మాండంగా పెరిగింది. కొట్లో వెంట్రుకవాసి మార్పు లేదు. పైగా తండ్రికి కొత్త ఆయుధం దొరికింది: "ఫోన్లో అయితే టకటకా నొక్కుతాడు, చూశారా?"

ఏది నెమ్మదో కనుక్కోకుండా వేగం పెంచబోవడం బండి ఎందుకు లాగడం లేదో చూడకుండా యాక్సిలరేటర్ తొక్కడం లాంటిది. కన్ను చూడటం, మనసు గుర్తుపట్టడం, ఏది చెయ్యాలో ఎంచుకోవడం, చెయ్యి కదలడం, ఇవన్నీ కలిస్తేనే బయటికి కనిపించే ఆలస్యం. వాటిని విడదీసి చూడాల్సింది నేను. చూడలేదు.

విడదీసి చూస్తే

ముందు వేగం పరీక్షలకు సంబంధం లేని పనులు. థైరాయిడ్, బీ12, షుగరు చేయించాం, అన్నీ బాగానే ఉన్నాయి. చెవులు బాగున్నాయి. కళ్లు పదేళ్లుగా ఎవరూ చూడలేదు. దూరపు చూపు తక్కువ, రెండు కళ్లకీ అద్దాలు పడ్డాయి. పై అరలో డబ్బా మీది పేరు చదవడానికి అతనికి అప్పటిదాకా ఎంత కష్టమైందో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. దిగులు జబ్బు ఉందేమో కూడా చూశాం, లేదు. నిద్ర మాత్రం రోజుకి పది, పదకొండు గంటలు.

తర్వాత లాప్‌టాప్. ఇక్కడొక హెచ్చరిక. మామూలు లాప్‌టాప్ తెర సెకనుకి 60 సార్లే మారుతుంది, అంటే ఒక్కో ఫ్రేమూ దాదాపు 17 మిల్లీసెకన్లు. కీబోర్డు ఇంకొంత కలుపుతుంది. కాబట్టి పుస్తకాల్లో అంకెలతో నా అంకెల్ని పోల్చలేను. అందుకే అదే లాప్‌టాప్ మీద, అదే కుర్చీలో, దాదాపు అదే వయసున్న మా క్లినిక్ అసిస్టెంట్‌ని కూడా కూర్చోబెట్టాను. ఒక్క మనిషితో పోలిక శాస్త్రం కాదు. దిక్కు తెలియడానికి సరిపోతుంది.

తెర మీద వెలుగు రాగానే నొక్కాలి, 40 సార్లు. అసిస్టెంటు మధ్యస్థం (అన్నీ వరసలో పెడితే సరిగ్గా నడిమికొచ్చే అంకె) 262 మిల్లీసెకన్లు, మన అబ్బాయిది 338. నాలుగు రంగులు, నాలుగు మీటలు, ఏ రంగుకి ఆ మీట: అసిస్టెంటుకి 451, అతనికి 742. తప్పులు 48లో రెండే. డచ్ శాస్త్రవేత్త డోండర్స్ 1868లో చూపించిన తీసివేత లెక్క ఇక్కడ బాగా పనికొస్తుంది. రెండో పనిలోంచి మొదటిదాన్ని తీసేస్తే మిగిలేది ఎంచుకోవడానికి పట్టిన సమయం. అసిస్టెంటుకి అది 189, అతనికి 404. అంటే వెలుగు చూసి వేలు కదపడంలో అతని వెనకబాటు 76 మిల్లీసెకన్లు, ఎంచుకోవడంలో 215. ఇది మోటు లెక్కే, మనసు బీరువాలో అరల్లాగా ఉండదు. అయినా ఎక్కడ పని చెయ్యాలో చెప్పింది. ఫోన్లో ఆట ఒక్క బొమ్మకి ఒక్క నొక్కుడు, అందులో ఎంపికే లేదు. కొట్లో పనంతా ఎంపికే.

పది సెకన్లలో చూపుడువేలితో ఎన్నిసార్లు తట్టగలడో కూడా చూశాం. కొంచెం తక్కువ, మరీ దారుణంగా లేదు.

ఈ మధ్యస్థాల కంటే నన్ను ఎక్కువగా పట్టి లాగింది ఒక్కో ప్రయత్నం విడిగా ఎలా ఉందన్నది. ఆ 40 వెలుగుల్లో అతని వేగమైన పది నొక్కుళ్లు చూస్తే 270 దగ్గర ఉన్నాయి, మా అసిస్టెంటుకి ఏమీ తీసిపోలేదు. కానీ ఆరు నొక్కుళ్లు 900 దాటిపోయాయి. అందుకే మధ్యస్థం 338 అయినా సగటు 431కి ఎగబాకింది. అతను ఎప్పుడూ నెమ్మది కాదు. మధ్యమధ్యలో జారిపోతాడు. స్కిజోఫ్రెనియాలో ఈ ఎగుడుదిగుడు గురించి పరిశోధకులు చాలాకాలంగా రాస్తున్నదే. అయితే ఇంట్లో వాళ్లకి ఇది వేరుగా కనిపిస్తుంది. పది సార్లలో ఎనిమిదిసార్లు చక్కగా అందుకుని రెండుసార్లు ఉలకనివాణ్ని చూసి ఎవరైనా "కావాలని చేస్తున్నాడు" అనే అంటారు. అన్నిసార్లూ ఆలస్యమైతే జాలిపడతారు.

ఇక సిద్ధంగా ఉండటం. "రెడీ" అన్నాక వెలుగు రావడానికి మధ్య ఎడం మార్చి చూశాను. ప్రతిసారీ ఒకటే సెకను ఎడం: 322. ప్రతిసారీ ఏడు సెకన్లు: 468. ఏడు సెకన్ల ఎడాన్ని వేరే ఎడాలతో కలగాపులగం చేస్తే: 421. చివరి రెండూ మళ్లీ చదవండి. ఎప్పుడు వస్తుందో కచ్చితంగా తెలిసినప్పుడు మనం వేగంగా ఉంటాం, తెలియనప్పుడు నెమ్మదిస్తాం. అతనికి ఎడం పెరిగేసరికి ఇది తిరగబడింది. క్రమం తెలిసినా ఉపయోగపడలేదు, పైగా కాళ్లకి అడ్డం పడింది.

అమెరికాలో మసాచుసెట్స్‌లోని వూస్టర్ స్టేట్ హాస్పిటల్లో డేవిడ్ షేకో బృందం 1930లలో పట్టుకున్నది సరిగ్గా దీన్నే. చిన్న ఎడాల్లో స్కిజోఫ్రెనియా రోగులకీ క్రమం ఉపయోగపడుతుంది, కొన్ని సెకన్లు దాటాక పడదు. సిద్ధంగా ఉండాలన్న ఆ బిగువును మనసులో నిలిపి ఉంచడం వాళ్లకి కష్టం అని ఆయన వివరణ. ఆ పత్రాలు చదువుకునే రోజుల్లో నాకు అవి పాతచింతకాయ పచ్చడిలా అనిపించేవి. ఇప్పుడు నా గదిలో, ఒక లాప్‌టాప్ మీద, అదే గీత కనిపించేసరికి ఒళ్లు జలదరించింది.

వూస్టర్ సంగతి తండ్రికి కూడా చెప్పాను, వేరే కారణంతో. మేనమామ ఒకాయన "ఆ మందుల వల్లే వాడిలా మొద్దుబారాడు, మానిపించండి" అని ఇంట్లో పోరుపెడుతున్నాడట. ఈ జబ్బుకి పనిచేసిన మొదటి మందు క్లోర్‌ప్రోమజీన్ వాడకంలోకి వచ్చింది 1952లో. వూస్టర్ కొలతలు అంతకు పదిహేనేళ్ల ముందువి. మందులు లేని కాలంలోనూ ఈ నెమ్మది ఉంది. జబ్బు లేని అన్నదమ్ముల్లో కూడా కొంచెం కనిపిస్తుంది. మేనమామ మాటలో నిజం బొత్తిగా లేదని అనను, దాని దగ్గరికి వస్తాను. కానీ మూలం మందు కాదు.

కాగితం మీద పరీక్ష అంకెలకి గుర్తులు రాయడం. పైన ఒక జాబితా ఉంటుంది, 1కి ఒక గుర్తు, 2కి ఒకటి, అలా 9 దాకా. కింద గళ్లలో అంకెలకి సరిపోయే గుర్తు రాస్తూ పోవాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2004లో అచ్చువేసిన పరీక్షల కట్టలో ఇది ఉంది, మన దేశపు వాళ్ల వయసు, చదువును బట్టి పట్టికలు కూడా ఉన్నాయి. అతనికి 6 నిమిషాల 50 సెకన్లు పట్టింది. ఆ పట్టికల్లో 15వ పర్సంటైల్ కంటే కిందుంటే, అంటే వందమందిలో అడుగు పదిహేనుమందిలో ఉంటే, లోపం కింద లెక్క. ఇతను 5 కంటే కింద. ఆశ్చర్యం లేదు. డికిన్సన్ బృందం 2007లో 37 అధ్యయనాలు కలిపి చూస్తే, స్కిజోఫ్రెనియాలో జ్ఞాపకశక్తితో సహా అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నట్టు తేలింది ఈ పిల్లలాటలాంటి పరీక్షలోనే. చూడు, వెతుకు, గుర్తుంచుకో, రాయి, మళ్లీ చూడు. కొట్లో చిట్టీ చూసి సరుకు తీయడం ఇదే కదా.

పూసలు

ఇక రెండో సగం, ఐదు వందల నోటు.

రెండు సీసాలు. ఒకదాంట్లో 85 ఎర్ర పూసలు, 15 నీలం. రెండోదాంట్లో తారుమారు. కనపడకుండా ఒక సీసా ఎంచుకుని, ఒక్కో పూసా తీసి చూపిస్తాను. ఏ సీసానో తేల్చుకున్నాక చెప్పాలి, తొందర లేదు, ఎన్ని కావాలంటే అన్ని అడగవచ్చు. హక్, గారెటీ, హెమ్స్‌లీ అనే పరిశోధకులు 1988లో భ్రమలున్న వాళ్ల మీద వాడింది ఈ పద్ధతే. చాలామంది ఒకటి రెండు పూసలకే తేల్చేశారు.

మా అసిస్టెంటు ఆరు పూసలు అడిగింది. మన అబ్బాయి మొదటి పూస చూశాడు, ఎర్రది. "ఎర్రదే ఎక్కువున్న సీసా." ఎంత నమ్మకం? "నూటికి నూరు."

న్యాయంగా చెప్పాలంటే ఒక్క పూసకే అతను సరైనవాడయ్యే అవకాశం 85 శాతం. మరీ మూర్ఖత్వం కాదు. రెండో ఎర్రపూస వచ్చేదాకా ఆగితే 97 శాతం. అందుకే 60కి 40 పూసలతో మళ్లీ చేశాను. అక్కడ ఒక్క పూస ఇచ్చేది 60 శాతమే, వరసగా రెండు ఎర్రవి వచ్చినా 69. అతను రెండో పూసకే తేల్చాడు. మళ్లీ నూటికి నూరు.

అసలు విషయం ఇదీ: పూస చూపించాక అతను మాట పెగల్చడానికి ఆరేడు సెకన్లు పట్టింది. గడియారం లెక్కలో నెమ్మది. సాక్ష్యం లెక్కలో తొందర. తండ్రి చూసిన వైరుధ్యం అక్కడ మాయమైపోయింది. నిర్ణయం వేగం అని మనం ఒక మాటగా అంటాం కానీ అందులో రెండు ప్రశ్నలున్నాయి. ఎంతసేపట్లో తేల్చాడు? ఎంత చూసి తేల్చాడు? ఇతను ఎక్కువసేపు తీసుకుని, తక్కువ చూస్తాడు. మనిషి అటు తిరగడం అతనికి మొదటి ఎర్రపూస. అక్కడితో ఆపేశాడు.

ఎందుకు ఆపేస్తాడు? ఒక్కో పూసనీ మనసులో పట్టుకుని ఉండటమే బరువైతే, తొందరగా దించేసుకోవాలనిపించడం సహజమేనని నా ఊహ. ఊహే, నిరూపించలేదు. నేను అడిగితే అతను చెప్పిన మాట మాత్రం ఇదీ: "ఎక్కువ చూస్తే కలిసిపోతాయి మేడం."

డ్రాయర్లో మాత్రలు

మందుల చీటీ: అసలు జబ్బుకి వాడే రిస్పెరిడోన్ రోజుకి 6 మిల్లీగ్రాములు, ట్రైహెక్సీఫెనిడిల్ 4, రాత్రికి క్లోనజిపామ్ అర మిల్లీగ్రాము. మూడోది మూడేళ్ల క్రితం నిద్రపట్టని రోజుల్లో రెండు వారాలకని రాసింది. ఎవరూ ఆపమనలేదు, అమ్మ ఆపలేదు. చేతులు వణక్కుండా రాసే ట్రైహెక్సీఫెనిడిల్ కూడా అంతే, మన దగ్గర చాలా చీటీల్లో రిస్పెరిడోన్‌కి తోకలా అలా ఉండిపోతుంది. అది జ్ఞాపకాన్నీ ధ్యాసనీ మసకబారుస్తుంది. రిస్పెరిడోన్ మోతాదు ఎక్కువైతే ఒళ్లు బిగుసుకుని కదలిక నెమ్మదిస్తుంది. మేనమామ మాటలో నిజం ఉన్నది ఇక్కడ.

జబ్బుకి పేరు పెట్టినవాళ్లలో ఒకరైన జర్మన్ డాక్టర్ క్రెపెలిన్ అంతకుముందు లైప్‌జిగ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త వుంట్ ప్రయోగశాలలో పనిచేశాడు. మద్యం, టీ లాంటివి తీసుకున్నాక మనిషి స్పందించే సమయం ఎలా మారుతుందో కొలిచి 1892లో పుస్తకం వేశాడు. మందు ఇచ్చాక గడియారం పట్టుకోవాలన్న బుద్ధి మన రంగానికి పుట్టుకతోనే ఉంది. మధ్యలో ఎక్కడో పోగొట్టుకున్నాం.

సైకియాట్రిస్టు గారు ఒకసారికి ఒకటే మార్చారు. ముందు క్లోనజిపామ్, ఆరు వారాల్లో మెల్లగా. తర్వాత ట్రైహెక్సీఫెనిడిల్ 4 నుంచి 2కి, ఆ తర్వాత సున్నాకి. సున్నా అయిన పదో రోజున కుడిచెయ్యి వణుకు మొదలైంది, కాటాలో పప్పు పోస్తుంటే ఒలికింది. మళ్లీ 2కి తెచ్చారు. రిస్పెరిడోన్ ఐదు నెలల్లో 6 నుంచి 4కి. ప్రతి మెట్టు దగ్గరా అనుమానాలు తిరిగొస్తున్నాయా, ఒళ్లు బిగుసుకుంటోందా చూశారు. ఇది చదివి ఎవరూ ఇంట్లో మాత్రలు తగ్గించొద్దు. 24వ ఏట అతనికి ఏమైందో పైన రాశాను.

క్లోనజిపామ్ పోయాక లాప్‌టాప్ మీద మధ్యస్థం పెద్దగా మారలేదు, 338 నుంచి 321. సగటు మాత్రం 431 నుంచి 372కి దిగింది. అంటే జారిపోవడాలు తగ్గాయి. నిద్ర ఎనిమిదిన్నర గంటలకి వచ్చింది.

తండ్రి గడియారం

మూడో సిట్టింగులో, వాళ్ల అనుమతితో, ముగ్గురి మాటలూ 20 నిమిషాలు రికార్డు చేశాను. ఇంటికెళ్లి విని, ప్రతి ప్రశ్నకీ ఎంతసేపు ఆగారో రాసుకున్నాను. తండ్రి ప్రశ్న వేసి మళ్లీ అదే ప్రశ్న వేరే మాటల్లో వేయడానికి మధ్య సగటున 1.8 సెకన్లు. నేను ఒంటరిగా అతనితో మాట్లాడినప్పుడు, అడ్డం రాకుండా కూర్చుంటే, జవాబు మొదలవడానికి మూడు నుంచి ఆరు సెకన్లు. లెక్క తేలిపోయింది. నాలుగో సెకనులో రావాల్సిన జవాబు రెండో సెకనులో కొత్త ప్రశ్న పడి మొదటికొస్తోంది. మూడోసారి గట్టిగా అడుగుతారు. అప్పటికి అతను వదిలేస్తాడు. దానికే ఇంట్లో పెట్టిన పేరు "దున్నపోతు మీద వాన."

చెబితే ఆయన నమ్మలేదు. అందుకని లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. 58 ఏళ్లు, నాలుగు రంగుల పనిలో 560 వచ్చింది, బాగానే చేశారు. మళ్లీ మొదలుపెట్టి, ఒక్కో రంగు రాగానే నేను పక్కనుంచి అడగడం మొదలుపెట్టాను. కందిపప్పు కిలో ఎంత? మినపగుళ్లు ఎంత? బెల్లం అచ్చు ఎంత? 900 దాటింది, తప్పుల మీద తప్పులు.

"మాట్లాడుతుంటే ఎట్లా నొక్కేది మేడంగారూ!" అని నవ్వేశారు.

కొడుకు తెర వైపు చూస్తున్నాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. నాలుగు సెకన్లు అయ్యుంటాయి.

"నాకు రోజూ అంతే నాన్నా" అన్నాడు.

ఆయన ఆ రోజు ఇంకేమీ అనలేదు. తర్వాత వారం తల్లి చెప్పారు, ప్రశ్న అడిగి ఐదు దాకా వేళ్లు లెక్కపెట్టుకుంటున్నారట, బల్ల కింద.

కొట్లో చేసినవి

రెండు శనివారాలు నేనే వెళ్లి కొట్లో కూర్చున్నాను. గది పరీక్షలు చెప్పనివి అక్కడ కనిపించాయి.

నోటితో ఐదు సరుకులు చెబితే రెండో దాని దగ్గర ఆగిపోతాడు. చిట్టీ రాసిస్తే వరసగా తీసి, ఒక్కోటి కొట్టేసుకుంటూ వెళ్తాడు. చిట్టీ తేని వాళ్లకి అతనే రాసుకోవాలన్నాం. ఖాతాదారులు మొదట విసుక్కున్నారు, తర్వాత తప్పులు తగ్గేసరికి ఊరుకున్నారు. అరల్లో పప్పులన్నీ ఒక వైపు, పిండీ రవ్వలు ఒక వైపు, ఎదురుగా రోజువారీ పది సరుకులు. ఎంచుకోవాల్సిన వస్తువులు పెరిగేకొద్దీ ఎవరికైనా ఆలస్యం పెరుగుతుందని హిక్ అనే పరిశోధకుడు 1952లో లెక్కగట్టి చూపించాడు. ఇతనికి ఆ మెట్లు ఇంకా నిటారుగా ఉన్నాయి. అరలు విడగొట్టడం మెట్లు తగ్గించడమే.

మధ్యాహ్నం పది పదిహేను నిమిషాలు ఎవరూ రారు. తర్వాత వచ్చిన మొదటి మనిషికి అతను చాలా ఆలస్యంగా పలుకుతాడు. ఏడు సెకన్ల ఎడంలో చూసిందే పది నిమిషాలకి సాగిందని నాకు అనిపించింది. ఖాళీగా కూర్చోకుండా పావుకిలో పొట్లాలు కట్టే పని పెట్టాం. చేతిలో పని ఉన్నప్పుడు మనిషి వస్తే తల ఎత్తుతున్నాడు.

డబ్బులు పడ్డాయని చెప్పే సౌండ్‌బాక్స్ దగ్గర ఒక తమాషా చూశాను. అతను ముందు కొనేవాళ్ల ఫోన్ తెర చూస్తాడు, అప్పుడు పెట్టె మాట్లాడుతుంది, అతను చెవి అటు వేసేసరికి మాట అయిపోతుంది. మళ్లీ తెర చూపించమంటాడు. చూపు నుంచి వినికిడికి మారేటప్పుడు ఈ జబ్బులో అదనంగా ఆలస్యమవుతుందని సటన్, జూబిన్ బృందం 1961లోనే చెప్పింది. ఇక్కడ కారణం అదేనని ప్రమాణం చెయ్యలేను. తెర చూడొద్దు, పెట్టె మాటే వినమన్నాం, పెట్టెని అతని చెవి పక్కకి జరిపాం. పైసా ఖర్చు లేదు, పనిచేసింది.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది గల్లాపెట్టె దగ్గర తండ్రి, కాటా దగ్గర అతను. ఇది ఓటమి అని తండ్రికి అనిపించింది. నాకు అనిపించలేదు. రద్దీలో అందరికంటే బాగా తూచేది అతనే, ఒక్క గ్రాము ఎక్కువ పోయదు ఆ చెయ్యి.

నోటు విషయంలో "మూడు పూసలు" అని ఒక నియమం పెట్టుకున్నాడు, పేరు అతను పెట్టిందే. ఐదు వందల నోటు మీద అనుమానం వస్తే నోరు తెరిచే ముందు మూడు చూడాలి. వంచితే దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతోందా, వెలుతురుకి పెడితే గాంధీ గారి నీడబొమ్మ కనిపిస్తోందా, అంచున ఐదు గీతలు వేలికి ఉబ్బెత్తుగా తగులుతున్నాయా. మనిషి ముఖం ఎటు తిరిగింది అన్నది ఈ మూడింట్లో లేదు. మూడూ ఒకేసారి గుర్తుంచుకోనక్కర్లేకుండా గల్లాపెట్టె మూత లోపల రాసి అంటించాం, కలిసిపోతాయన్నాడు కదా.

తొమ్మిది నెలల తర్వాత

నాలుగు రంగుల పని 742 నుంచి 655కి. అంకెల గుర్తులు 6 నిమిషాల 50 సెకన్ల నుంచి 5 నిమిషాల 35 సెకన్లకి. అవే పరీక్షలు రెండోసారి చేస్తే ఎవరైనా కొంత మెరుగ్గా చేస్తారు కాబట్టి ఇందులో అభ్యాసం వాటా ఎంతో తీసెయ్యాలి. పట్టికలో ఇప్పటికీ 15వ పర్సంటైల్ కిందే ఉన్నాడు. జబ్బు తెచ్చిన నెమ్మది పోలేదు, దాని మీద పేరుకున్నది కొంత పోయింది. ఐదు సరుకుల చిట్టీకి ఏడు నిమిషాలు పట్టేది, ఇప్పుడు నాలుగు. నన్నడిగితే నాలుగు రంగుల అంకె కంటే ఈ అంకెకే ఎక్కువ విలువ ఇస్తాను. ఇందులో మందుల మార్పు వాటా ఎంత, అరల వాటా ఎంత, తండ్రి వేళ్ల లెక్క వాటా ఎంత అంటే విడదీయలేను, అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

పూసల పని మళ్లీ చేస్తే 85కి 15లో మూడు పూసలు అడిగాడు. 60కి 40లో కూడా మూడే. నియమం నేర్చుకున్నాడు, సాక్ష్యం బరువు తూచడం ఇంకా రాలేదు. అక్కడ పని మిగిలే ఉంది. నోటు గొడవలు ఈ తొమ్మిది నెలల్లో లేవు. ఒక అనుమానం వచ్చిందట, మూత తీసి చూసుకుని ఊరుకున్నాడట.

వికలాంగుల సర్టిఫికెట్ గురించి తండ్రి అడిగారు. మానసిక జబ్బులకి మన దేశంలో ఐడియాస్ అనే స్కేలు వాడతారు: సొంత పనులు, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు, దానికి జబ్బు ఎన్నేళ్లుగా ఉందో కలుపుతారు. మొత్తం ఏడు వస్తే 40 శాతం వైకల్యం కింద లెక్క. వేగానికి అందులో విడిగా గడి లేదు. సర్టిఫికెట్ ఇచ్చే బోర్డుకి పంపే రిపోర్టులో చిట్టీ లెక్కలు జతచేశాను. నిర్ణయం బోర్డుది.

ఇప్పుడు అతని ప్రశ్న వేరు. హోల్‌సేల్ బజారుకి బండి మీద తానే వెళ్తానంటున్నాడు. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. మామూలు మనిషి కంటే 0.2 సెకన్లు ఆలస్యమైతే బ్రేకు పడేలోపు రెండు మీటర్లు ఎక్కువ. జారిపోయే నొక్కుడు ఒకటి పడితే ఏడెనిమిది మీటర్లు. లాప్‌టాప్ మీద వెలుగు చూసి నొక్కడానికీ లారీ అడ్డం రావడానికీ చాలా తేడా ఉంది, నా దగ్గరున్న అంకెలతో ఔననీ కాదనీ అనలేను. ఈ లెక్కంతా అతనికి కాగితం మీద వేసి చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఇంకో రెండు పూసలు కావాలి మేడం" అన్నాడు.

ప్రస్తుతానికి సైకిల్ మీద వెళ్తున్నాడు. తమ్ముడు వెనక కూర్చుని, ఆదివారం పొద్దున ఖాళీగా ఉన్న మార్కెట్ యార్డు రోడ్డు మీద బండి నడిపించి చూస్తానన్నాడు. ఎన్నిసార్లు ఆలస్యంగా బ్రేకు వేశాడో రాసుకు రమ్మన్నాను.